లీటరు మజ్జిగకు మైలేజీ ఎంత

గొట్లగుండం పశుసంవర్ధక శాఖ డివిజన్ ఆఫీసులో రెండు కార్లుండేవి. ఒకటి అంబాసిడర్, రెండోది ఫియట్. ఉండేవి అంటే రేకుల షెడ్డు కింద పక్కపక్కన ఉండేవని మాత్రమే అర్థం. నడిచేవని ఎవరూ అనలేదు. అంబాసిడర్‌ను ఒకప్పుడు పెద్ద అధికారుల పర్యటనల కోసం కొన్నారు. ఫియట్ మాత్రం, పాడి అభివృద్ధి ఆఫీసును ఈ ఆఫీసులో కలిపేసినప్పుడు రెండు బీరువాలు, ఒక గోడగడియారం, ఒక డ్రైవరుతో పాటు వచ్చి చేరింది. రెండూ కదలడం మానేసి చాలా ఏళ్ళయింది. వాటి వెనక సీట్లలో కోళ్ళ విభాగం వాళ్ళు పెట్టలను పొదగేసుకుంటున్నారు.

కార్లు ఆగిపోయాయి గానీ డ్రైవర్లు ఆగలేదు. అంబాసిడర్ డ్రైవరు మస్తాన్, ఫియట్ డ్రైవరు కోటిలింగం రోజూ పొద్దున్నే వచ్చి సంతకాలు పెట్టి, ఎవరి కారు వాళ్ళు తుడుచుకుని, వాటి ముందు స్టూళ్ళు వేసుకుని కూర్చునేవారు. కూర్చుని ఏది గొప్ప కారో తేల్చుకునేవారు. ఎన్నేళ్ళయినా తేలలేదు.

"నీ ఇంజనెంత? వెయ్యీ ఎనభై తొమ్మిది సీసీ. నాది పదిహేను వందలకు పదకొండు తక్కువ. ఇంకేం మాట్లాడతావు?" అనేవాడు మస్తాన్.

"ఇంజను పెద్దదయితే ఏంది, ఒళ్ళు గూడా అట్టనే ఉండె. నాది తేలిక. గేరేసి వదిలానంటే లేడిపిల్ల మాదిరి పోద్ది."

"లేడిపిల్ల డిక్కీలో ఏం పడద్ది? నా డిక్కీలో రెండు పొట్టేళ్ళొచ్చినయ్ కనిగిరి నుంచి. దర్జాగా నిలబడే వచ్చినయ్."

"అవి దిగినాక నాలుగు రోజులు గడ్డి ముట్టలా. ఆ ముక్క చెప్పవే."

ఆఫీసుకు పెద్ద డాక్టర్ సులోచన. ఆమె గది కిటికీ షెడ్డు వైపే ఉండటంతో ఈ వాదన ఆమెకు కంఠతా వచ్చేసింది. అది ఆమెకు ఇబ్బందేం కాదు. పల్లెలకు పోవాల్సి వస్తే అద్దె జీపు ఉంది. గొర్రెలకు, బర్రెలకు టీకాలేసే కాలంలో ఆ జీపే ఐసు పెట్టెలు వేసుకుని ఊరూరా తిరిగేది. కార్ల సంగతి కోళ్ళు చూసుకునేవి.

ఇలా ఉండగా రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఒకటికి మించి పాత వాహనాలున్న ప్రతి ఆఫీసూ వాటి పనితీరునూ, సాంకేతిక లక్షణాలనూ పోల్చి, మెరుగైనదాన్ని ఉంచుకుని, రెండోదాన్ని వేలం వేయాలి. పోలిక పూర్తయ్యేదాకా అద్దె వాహనం వాడరాదు, సొంత వాహనాలున్న ఆఫీసుకు అద్దె వాహనం దుబారా కనుక. పోలిక యథాస్థితిలో జరగాలి. మరమ్మతు చేస్తే ఫలితం ప్రభావితమవుతుంది కనుక స్పానరు ముట్టుకున్నవారిపై చర్య తీసుకోబడుతుంది.

సులోచన ఉత్తర్వును రెండుసార్లు చదివి, ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. లోపల చిటుకు రోగం టీకాలు వరసగా పేర్చి ఉన్నాయి. తొలకరి పడి పచ్చిక మొలిచిందంటే, ఆబగా మేసిన గొర్రె సాయంత్రానికి చిటికేసినంతలో పడిపోతుంది. అదీ మందలో బాగా బలిసినదే ముందు పోతుంది. ఆలోపు కనుమ దారిలోని గూడేలన్నిటికీ టీకా అందాలి. జీపు ఓనరును పిలిచి అడిగితే, బిల్లు రాదని తెలిసిన బండి స్టార్టు కాదన్నాడు. బస్సులో పంపుదామంటే టీకాలను శాఖ వాహనంలో తప్ప తరలించరాదని ఇంకో పాత ఉత్తర్వు ఉంది. శాఖ వాహనాలు షెడ్డులో పొదుగుతున్నాయి.

ఆమె రాజధానికి ఫోను చేసింది. పోలిక త్వరగా జరిపించమని వేడుకుంది. అవతలివాళ్ళు ఆశ్చర్యపోయారు. పోలిక కావాలని అడిగిన ఆఫీసు రాష్ట్రంలో ఇదొక్కటేనట.

వారం తిరక్కుండా వాహన హేతుబద్ధీకరణ విభాగం ప్రత్యేకాధికారి పరాంకుశం గారు దిగారు. ఏసీ ఉన్న కొత్త కారులో వచ్చారు. బక్కపల్చని మనిషి, తెల్లని సఫారీ, మెడలో విజిలు. షెడ్డు ముందు నిలబడి రెండు కార్లనూ చాలాసేపు చూశారు. వెనక సీట్లోంచి ఒక పెట్ట ఆయన్ను చూసింది.

"సీటింగ్ సామర్థ్యం?" అన్నారు.

"మనుషులయితే అయిదుగురు సార్," అన్నాడు మస్తాన్.

"యథాస్థితి అని స్పష్టంగా ఉంది. ప్రస్తుతం ఎవరు కూర్చుని ఉన్నారో వారినే లెక్కించవలెను."

కోళ్ళను లెక్కించారు. అంబాసిడర్‌లో ఎక్కువ ఉన్నాయి. మస్తాన్ కాలరు సర్దుకున్నాడు. కోటిలింగం తన పెట్టలు జాతివి అన్నాడు గానీ, ఆ కాలమ్ లేదన్నారు.

"ఇక ఇంజను," అన్నారు పరాంకుశం గారు.

సులోచనకు ఇక్కడితో కథ ముగుస్తుందనిపించింది. "రెండూ స్టార్టు కావు సార్. ఆ సంగతి రాసేసి రెండిటినీ వేలానికి పంపించేద్దాం," అంది ఆశగా.

పరాంకుశం గారు ఆమె వైపు జాలిగా చూశారు. "డాక్టరు గారూ, పోలిక అనగా భేదాలను గుర్తించుట. రెండింటిలోనూ ఇంజను పనిచేయుట లేదు. అనగా ఆ అంశమున రెండూ సమానము. సమానమైన అంశమును కొట్టివేసి మిగిలినవాటిని పరిశీలించవలెను. ఇంజను అనునది వాహనములో ఒక భాగము మాత్రమే."

ఆ విధంగా ఇంజన్లను కొట్టేశారు. బ్యాటరీలు లేవు కనుక వాటినీ కొట్టేశారు. హారన్లు మోగవు, లైట్లు వెలగవు, వైపర్లు లేవు, అన్నీ సమానమే. చివరికి వేగం, మైలేజీ, బరువు మోసే శక్తి, ఎత్తుపల్లాల్లో నడవడిక మిగిలాయి.

వేగ పరీక్ష ఆఫీసు ఆవరణలోనే జరిగింది. అటెండర్లు అంబాసిడర్‌ను తోశారు. అది ముందు కదలనంది. కదిలాక ఆగనంది. పేడదిబ్బలోకి ముక్కు దూర్చి ఆగింది. తర్వాత ఫియట్‌ను తోశారు. అది తోయగానే చెంగున కదిలింది గానీ చేతులు తీయగానే నిలబడిపోయింది.

"తోసినోళ్ళు వేరయ్యా," అని మస్తాన్ అభ్యంతరం చెప్పాడు. "నా బండిని తోసినోళ్ళు టిఫిను చెయ్యలా. వాడి బండిని తోసేటప్పటికి తినొచ్చారు."

పరాంకుశం గారికి ఈ అభ్యంతరం చాలా నచ్చింది. అప్పటికప్పుడు ఆదేశం రాయించారు. తోయువారు రెండు వాహనాలకూ ఒకరే అయి ఉండాలి, ఒకే ఆహారం తీసుకుని ఉండాలి. ఎండ మండిపోతోంది కాబట్టి ఆహారంగా మజ్జిగ నిర్ణయమైంది. మజ్జిగ తాగినకొద్దీ బండి ముందుకు పోతోంది గనుక మజ్జిగే ఇంధనమనీ, మైలేజీని లీటరు మజ్జిగకు ఎన్ని గజాలన్న లెక్కన కట్టాలనీ తేల్చారు. పాడి విభాగం నుంచి బిందెలు వచ్చాయి. సాయంత్రానికి ఫియట్ మైలేజీ మెరుగ్గా ఉందని తేలింది. కోటిలింగం మీసం దువ్వుకున్నాడు. మస్తాన్ మజ్జిగలో ఉప్పు తేడా ఉందంటూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. నమూనాను ప్రయోగశాలకు పంపారు.

ఆ రాత్రి సులోచనకు కనుమ కింది గూడెం నుంచి ఫోను వచ్చింది. ఓబులమ్మ. భర్త పోయాక మందను ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. గూడెంలో మిగతావాళ్ళు ఆమె మాట వింటారు.

"డాక్టరమ్మా, పడమటేపు మబ్బు పడతా ఉంది. పోయినేడు టీకా ఆలస్యమై నా మందలో సగం ఒక్క వారంలో పోయినయ్. మళ్ళా అట్టా అయితే నేను ఇంక లేవలేను తల్లీ."

"వస్తున్నాం ఓబులమ్మా," అంది సులోచన. ఎలా వస్తుందో తనకే తెలియదు. ఫోను పెట్టేసింది. తను చదివిన చదువులో ఈ కుర్చీకి పనికొచ్చే విద్య ఒక్కటైనా ఉందా అనుకుంది. గొర్రెకు రోగమొస్తే ఏం చెయ్యాలో తెలుసు. ఆఫీసుకే రోగమొస్తే ఏం చెయ్యాలో ఏ కాలేజీలోనూ చెప్పలేదు. కాసేపటికి ఆమెకు ఒక సంగతి తట్టింది. పొద్దుటి నుంచీ తను పరాంకుశం గారితో మామూలు భాషలో మాట్లాడుతోంది. తప్పంతా అక్కడే ఉంది.

మర్నాడు ఆయన బరువు పరీక్షకు ఇసుక బస్తాలు తెప్పిస్తుంటే, ఆమె చేతులు కట్టుకుని దగ్గరికెళ్ళింది.

"సార్, ఒక చిన్న సందేహం నివేదించుకుంటున్నాను. ఇసుక గనుల శాఖకు సంబంధించిన బరువు. దాన్ని మన శాఖ వాహనంలో వేస్తే రేపు ఆడిట్ వారు అభ్యంతరపెడతారేమోనని..."

పరాంకుశం గారి చేతిలో కలం ఆగిపోయింది. "శాఖాసంబంధమైన బరువు ఏది?"

"ఐసు పెట్టెలు సార్. టీకాలతో నిండినవి. పైగా కుదుపు ఎక్కువైతే సీసాలు పగులుతాయి కనుక కుదుపును కూడా పోల్చవచ్చు."

"కుదుపు," అన్నారాయన తన్మయంగా. "కుదుపు కాలమ్ మా నమూనాలో లేకపోవుట విచారకరము."

"ఎత్తుపల్లాల పరీక్షకు కనుమ దారి అనుకూలంగా ఉంటుంది సార్. గూడేల మీదుగా పోతుంది. జనం సాక్ష్యం కూడా దొరుకుతుంది."

అయితే అంత దూరం తోయడానికి అటెండర్లు ఒప్పుకోలేదు. మజ్జిగ తాగి తాగి ఇద్దరికి జలుబు చేసింది. అప్పుడు పరాంకుశం గారికి తన నమూనాలో ఉన్న అశ్వశక్తి అనే కాలమ్ గుర్తొచ్చింది. గుర్రాలున్నాయా అని అడిగారు. గుర్రాలు లేవనీ, శాఖ పశువుల ఫారంలో ఒంగోలు ఎద్దులున్నాయనీ, వాటి శక్తిని ధ్రువీకరించే అధికారం చట్టరీత్యా పశువైద్యాధికారికి ఉందనీ సులోచన మనవి చేసింది. అక్కడికక్కడే ధ్రువపత్రం రాసి ముద్ర వేసింది. ఒక జత ఎద్దులు బలంగానూ, ఇంకో జత ఇంకా బలంగానూ ఉన్నాయి కనుక, నిష్పక్షపాతం కోసం ప్రతి గూడెం దగ్గరా జతలను ఈ కారు నుంచి ఆ కారుకు మార్చాలనీ, మార్చినప్పుడల్లా ఎద్దులకు గంటసేపు విశ్రాంతి ఇవ్వాలనీ కూడా అందులోనే రాసింది. విశ్రాంతి లేకపోతే శక్తి మారిపోతుందని రాసేసరికి ఆయన ఇంకేం అడగలేదు.

పొద్దున్నే ఊరేగింపు బయల్దేరింది. కోళ్ళను మాత్రం దించేశారు. ముందు అంబాసిడర్, వెనక ఫియట్, రెండిటికీ ఎద్దులు, రెండిటి నిండా ఐసు పెట్టెలు, అన్నిటి వెనక పరాంకుశం గారి ఏసీ కారు. మస్తాన్, కోటిలింగం స్టీరింగుల వెనక నిటారుగా కూర్చున్నారు. ఇద్దరి మొహాల్లోనూ పెళ్ళికళ ఉంది.

"అమ్మా, ఈ ఎద్దులకు బండి కడితే సరిపోయేది గదా," అన్నాడు మస్తాన్ మెల్లగా, కిటికీ పక్కన నడుస్తున్న సులోచనతో.

"బండి పాత వాహనాల కింద రాదు మస్తాన్. దాన్ని దేనితో పోలుస్తాం?"

మొదటి గూడెంలో విజిలు మోగింది. ఎద్దులను విప్పారు. పరాంకుశం గారు చెట్టు నీడన కుర్చీ వేయించుకుని కుదుపు గురించి డ్రైవర్ల వాంగ్మూలాలు తీసుకుంటున్నారు. ఈలోపు సులోచన, ఆమె కాంపౌండర్లు పెట్టెలు దించి, దొడ్లోకి దూరి, గొర్రె తర్వాత గొర్రెను పట్టి సూది గుచ్చుకుంటూ పోయారు. గంట ముగిసేసరికి మంద మొత్తం పూర్తయింది. రెండో గూడెంలోనూ అంతే. మూడో గూడెం దగ్గర పరాంకుశం గారు తలెత్తి చూశారు.

"అక్కడ ఏమి జరుగుచున్నది?"

"బరువు తగ్గిస్తున్నాం సార్," అంది సులోచన. "మామూలు కారులో దారి పొడుగునా పెట్రోలు ఖర్చయి బరువు తగ్గుతుంది. మనకు పెట్రోలు లేదు. ఆ తగ్గుదలను ఏదో ఒక రూపంలో చూపించాలి గదా."

ఆయన కలంతో మంద వైపు చూపించారు. "గొర్రెలు ఎందుకు?"

"ఖాళీ చేసిన మందును నేలమీద పారబోయకూడదని నిబంధన సార్."

ఆయన తల పంకించి రాసుకున్నారు. సులోచన పక్కకు తిరిగి సిరంజిలోకి మందు ఎక్కించుకుంది. ఉద్యోగంలో చేరాక ఇన్ని అబద్ధాలు ఆమె ఎప్పుడూ ఆడలేదు. ఇంత పనీ ఎప్పుడూ జరగలేదు.

మధ్యాహ్నం దాటేసరికి కనుమ మీదికి చేరారు. కింద ఓబులమ్మ గూడెం కనిపిస్తోంది. పడమటి కొండల మీద మబ్బు నల్లగా దిగింది. దిగుడు చూసి సులోచన ఎద్దులను విప్పించింది. పల్లంలో కారు వాటి కాళ్ళమీదికి దొర్లితే ఎద్దులు బతకవు. ఈ ఒక్క మాటా ఆమె మామూలు భాషలోనే, గట్టిగా చెప్పింది.

"మంచిది," అన్నారు పరాంకుశం గారు. "ఇకపై భూమ్యాకర్షణ. ఇంతకు మించి నిష్పక్షపాతమైన ఇంధనము లేదు. రెండింటినీ ఒకేసారి విడువవలెను."

"బ్రేకులు లేవు సార్," అన్నాడు కోటిలింగం. అతని గొంతులో మొదటిసారి కారు మీద గర్వం లేదు.

"యథాస్థితి," అన్నారాయన.

పెట్టెలు దింపి మనుషులతో మోయిస్తానంది సులోచన. బరువు తీస్తే ఉదయం నుంచి చేసిన పరీక్ష చెల్లదన్నారు. ఆమె మబ్బు వైపు చూసింది. చివరి పెట్టెలు అంబాసిడర్‌లోనే ఉన్నాయి. వెనక తలుపు తీసి ఎక్కి, పెట్టెలను రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. పరాంకుశం గారు స్వయంగా పరిశీలించాలని ఫియట్ ముందు సీట్లో కూర్చుని విజిలు ఊదారు. కాంపౌండర్లు చక్రాల కింద రాళ్ళు తీశారు.

ఫియట్ ముందు ఉరికింది. లేడిపిల్ల అని కోటిలింగం అన్నది అబద్ధం కాదు. తొలి మలుపు దాకా దాని వెనక దుమ్మే కనిపించింది. అక్కడి నుంచి అంబాసిడర్ బరువు పనిచేయడం మొదలుపెట్టింది. గుంటలో పడ్డా లెక్కచేయకుండా, ఊగుతూ, మూలుగుతూ, వేగం పుంజుకుని ఫియట్ పక్కకు వచ్చేసింది. రెండు కార్ల కిటికీలూ ఎదురెదురయ్యాయి. మస్తాన్ ఏడుస్తున్నాడు. నవ్వుతూనే ఏడుస్తున్నాడు.

"పోతంది రా కోటీ, పోతంది," అన్నాడు.

"నాది గూడా పోతంది రా," అన్నాడు కోటిలింగం.

పరాంకుశం గారి నోట్లో విజిలు ఊపిరి తీసినప్పుడల్లా దానంతటదే మోగుతోంది. సులోచన కళ్ళు మూసుకుని పెట్టెల మీద గడ్డం ఆనించింది. సీసాలు గలగలమంటుంటే వాటికి ఏదో సర్దిచెబుతున్నట్టు గొణిగింది.

గూడెం మొదట్లో ఓబులమ్మ ఇంటెత్తున వేసిన జొన్నచొప్ప వామి ఉంది. డ్రైవర్లిద్దరూ దాన్ని ఒకేసారి చూశారు. రెండు కార్లూ పక్కపక్కనే వామిలోకి దూరి, మెత్తగా ఆగిపోయాయి. వాటి మీద చొప్ప రాలింది.

ఓబులమ్మ పరిగెత్తుకొచ్చి తలుపు లాగింది. "బతికే ఉన్నావా తల్లీ?"

"ఒక్క సీసా పగల్లేదు," అంది సులోచన. "మందను తోలుకురా, తొందరగా."

పరాంకుశం గారు నెత్తి మీద చొప్పతోనే బయటికొచ్చి, రెండు కార్ల ముక్కుల మధ్య టేపు పట్టించి కొలిచారు. తేడా లేదు. ఫియట్ మైలేజీలో గెలిచింది, అంబాసిడర్ కోళ్ళ లెక్కలో గెలిచింది, మిగతావన్నీ సమానం. మొత్తం కూడితే రెండూ సమానం.

"సమానమైనవాటిని కొట్టెయ్యాలన్నారు గదండీ," అన్నాడు కోటిలింగం. "ఇప్పుడు రెండు బండ్లనీ కొట్టేస్తారా?"

ఆయన టేపు చుట్టుకున్నారు. వాన మొదలైంది. వెనకే కనుమ దిగొచ్చిన తన ఏసీ కారెక్కి వెళ్ళిపోయారు. చివరి గొర్రెకు సూది పడేసరికి సులోచన తడిసి ముద్దయింది. ఓబులమ్మ తన గొంగళి తెచ్చి ఆమె భుజాల మీద కప్పి, ఇంట్లో కూర్చోబెట్టి వేడి రాగిజావ పోసింది. కార్లు మర్నాడు ఎద్దులతో షెడ్డుకు చేరాయి. కోళ్ళు మళ్ళీ ఎక్కాయి. వానలకు కొండ పచ్చబడింది. ఆ దారిలో ఒక్క మంద కూడా పడిపోలేదు.

కొద్దిరోజులకు మెమో వచ్చింది. పోలిక పరీక్షలో ఉన్న ప్రభుత్వ వాహనాలను డాక్టర్ సులోచన ప్రభుత్వ పనికి వినియోగించినట్లు విచారణలో తేలిందనీ, ఇది తీవ్రమైన దుర్వినియోగమనీ, దారి పొడవునా బరువు తగ్గిపోవడం వల్ల ఫలితం కలుషితమైనందున మొత్తం పరీక్షను రద్దు చేసి తిరిగి మొదటి నుంచి జరపడానికి ప్రతిపాదన ఉందనీ, దీనిపై ఆమె సంజాయిషీ ఇచ్చుకోవాలనీ దాని సారాంశం.

మెమో చదువుతుండగా ఓబులమ్మ లోపలికొచ్చింది. సంతకు వచ్చి, పనిలో పనిగా కనిపించిపోదామని వచ్చిందట.

"అన్నీ బాగుండయ్ డాక్టరమ్మా. రెండు వారాలకు ఇంకోతూరి పొడవాలన్నావే, ఆ రెండో సూదికి ఎప్పుడొస్తారు?"

సులోచన మెమో వైపు చూసింది. ఓబులమ్మ వైపు చూసింది. ఆమెను కుర్చీలో కూర్చోమని చెప్పి కాగితం తీసుకుంది.

ఆరోపణలన్నీ నిజమేనని రాసింది. ప్రభుత్వ వాహనాన్ని ప్రభుత్వ పనికి వాడినందుకు చింతిస్తున్నానని రాసింది. పునఃపరీక్ష న్యాయంగా జరగాలంటే అదే దారి, అవే గూడేలు, అవే ఎద్దులు, అదే బరువు ఉండాలనీ, వాతావరణం మారితే పోలిక చెల్లదు కనుక ఈ పదిరోజుల్లోనే జరపవలెననీ, కనుమ దిగుడు మాత్రం ప్రాణహాని దృష్ట్యా కొట్టివేయవలెననీ ప్రార్థించింది. రాష్ట్రంలో జరుగుతున్న ఈ ఒక్క పోలికా పూర్తయితే ఇక వాహన హేతుబద్ధీకరణ విభాగాన్ని కొనసాగించవలసిన అవసరమేమిటని ఆర్థిక శాఖ అడుగుతోందన్న సంగతి ఆమెకు ఎవరో చెప్పారు. దాన్ని రాయలేదు.

అనుమతి మర్నాడే వచ్చింది. ఇంత వేగంగా ఆ శాఖలో ఏ కాగితమూ ఎన్నడూ కదల్లేదు. సులోచన దాని మీద సంతకం పెట్టి, ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేసింది.